పదాల పట్టీ కాదు, పుస్తకం కొనండి: ఆదివారం సమావేశానికి ముందు మా మాట

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాం. పొద్దున కాఫీతో మొదలుపెడితే టిఫిన్ వేళకు అయిపోతుంది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఎందుకంటే వచ్చే ఆదివారం మనం చేతులెత్తి తేల్చాల్సిన విషయం ఇది.

అజెండాలో మూడో అంశం చూశారు కదా. ఉగాది ఖర్చులు పోను మిగిలిన డబ్బుతో మన పిల్లలకు అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్ వొకాబులరీ కోర్సు పెట్టించాలని ప్రతిపాదన. మూడు నెలల్లో 3,000 మాటలు నేర్పిస్తారట. ఫోన్‌లో ఒక యాప్, చేతికి ఒక పుస్తకం, వారానికొక పరీక్ష. పిల్లకు 6,000 రూపాయలు. సగం సంఘం కడుతుంది, సగం ఇంటివాళ్ళు కట్టుకోవాలి. 20 మంది పిల్లలకు సంఘం వాటా 60,000 రూపాయలు.

మేము దీన్ని వ్యతిరేకిస్తున్నాం. తెచ్చినవాళ్ళ మీద మాకు కోపం లేదు. పిల్లలు బాగుపడాలనే తెచ్చారు. పిల్లలకు పెద్ద ఇంగ్లిషు వద్దని కూడా మేము అనడం లేదు. కావాలి, తప్పకుండా కావాలి. అది వచ్చే దారి ఇది కాదని మాత్రమే అంటున్నాం.

ముందు లెక్క చూద్దాం. రైల్వే గుమాస్తాగా బతికినవాళ్ళం, లెక్క చూడకుండా సంతకం పెట్టే అలవాటు మాకు లేదు. 3,000 మాటలు, 90 రోజులు. అంటే రోజుకు 33 చొప్పున, ఆదివారం లేదు, పండగ లేదు. మన పిల్లలు బడిలో కన్నడ చదువుతున్నారు, ఇంగ్లిషులో లెక్కలూ సైన్సూ చదువుతున్నారు, కొందరికి హిందీ కూడా ఉంది. దాని మీద రోజుకు 33 కొత్త మాటలు. పొద్దున 33 మింగాలి, రాత్రికి 33 కక్కాలి. దీన్ని చదువు అంటారా, అజీర్తి అంటారా?

మీకిది ఎలా తెలుసు అని అడుగుతారు. మేము ఆ మందు తాగినవాళ్ళమే కాబట్టి తెలుసు.

మా చదువంతా తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఇంగ్లిషు వారానికి కొన్ని పీరియడ్లు, అది కూడా తమిళంలోనే చెప్పేవారు. ఉద్యోగంలో చేరాక ఫైళ్ళన్నీ ఇంగ్లిషులో ఉంటే వణుకు పుట్టింది. అప్పుడు ఒక చిన్న పుస్తకం కొన్నాం. ఎడమ పక్క ఇంగ్లిషు మాట, కుడి పక్క తమిళ అర్థం. రోజుకు 20 చొప్పున బట్టీ పట్టాం. ఆరు నెలలకు పుస్తకం మొత్తం నోటికొచ్చింది. ఆ గర్వంతోనే ఒక పెద్దాయన రిటైర్మెంట్ సెండాఫ్‌లో ఇంగ్లిషులో మాట్లాడతామని ముందుకు దూకాం. ఆయన డ్యూటీకి ఒక్క నిమిషం ఆలస్యం అయ్యేవారు కాదు. మా పుస్తకంలో 'నటోరియస్' అన్న మాటకు 'పేరుపొందిన' అని అర్థం ఉంది. ఇంకేం, "ఆయన టైముకు రావడంలో నటోరియస్" అని మైకులో చదివాం. ముందు వరసలో కూర్చున్న ఆఫీసర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత హాలంతా నవ్వింది. ఆ పెద్దాయన మాత్రం నవ్వలేదు. పూలదండ మెళ్ళో వేసుకుని తల దించుకుని కూర్చున్నారు. ఆ మొహం మాకు ఇప్పటికీ గుర్తుంది.

నటోరియస్ అంటే పేరుపొందడమే. కాకపోతే చెడ్డపేరు. దొంగకూ రౌడీకీ వాడే మాట. పుస్తకం అబద్ధం చెప్పలేదు, సగం నిజం చెప్పింది. ఆ సగం నిజమే మమ్మల్ని ముంచింది. తర్వాత నవలలు చదువుతుంటే ఆ మాట నాలుగైదు చోట్ల ఎదురైంది. ఎప్పుడు చూసినా ఏదో ఒక దుర్మార్గుడి పక్కనే ఉంది. ఇంక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఒక మాట ఎవరితో తిరుగుతుందో చూస్తే దాని గుణం తెలుస్తుంది. మనుషుల సంగతీ అంతే కదా.

పదాల పట్టీతో వచ్చే జబ్బు ఇదే. ఒక మాటకు ఎదురుగా ఒక అర్థం రాసి, రెండింటికీ పెళ్ళి అయిపోయిందంటుంది. ఫ్రూగల్, స్టింజీ అని రెండు మాటలున్నాయి. పట్టీలో రెండింటికీ 'తక్కువ ఖర్చు పెట్టే' అని ఉంటుంది. కానీ ఒకటి పొదుపు, రెండోది పిసినారితనం. కాలేజీ అడ్మిషన్ వ్యాసంలో మీ మనవడు "మా తాతగారు స్టింజీ, ఆయనే నాకు ఆదర్శం" అని రాస్తే చదివేవాళ్ళు ఏమనుకుంటారు?

మన భాషల్లోనే చూడండి. 'అవసరం' అనే మాట ఉంది. తెలుగులో కావలసి రావడం. తమిళంలో తొందర. ఇక్కడ కన్నడంలో కూడా తొందరనే అర్థంలో వాడతారు. చిన్నప్పుడు మాకు తమిళ అర్థమే తెలుసు. చిత్తూరు వైపు బంధువు ఒకాయన ఉత్తరం రాస్తూ "ఇక మీ సాయం అవసరం లేదు" అన్నారట. మా ఇంట్లో దాన్ని చదివి "తొందరేం లేదు, మెల్లగా చేయమంటున్నాడు, మంచివాడు" అనుకున్నాం! ఆయన కోపంతో రాశారని అర్థం కావడానికి ఒక ఏడాది పట్టింది. అక్కాచెల్లెళ్ళ లాంటి భాషల మధ్యే ఇంత తేడా ఉంటే, సముద్రాలు దాటి వచ్చిన ఇంగ్లిషు మాటను ఒక్క గీత గీసి తెలుగు మాటకు కట్టేస్తే నిలుస్తుందా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మనలో చాలామందికి పుస్తకాల తెలుగు ఎలా వచ్చింది?

హోసూరు, కృష్ణగిరి వైపు నుంచి వచ్చిన మాలాంటివాళ్ళకు బడిలో తెలుగు లేదు. అక్షరాలు సినిమా పోస్టర్ల మీద, అమ్మ పూజ పుస్తకంలో నేర్చుకున్నాం. ఇంట్లో మాట్లాడే తెలుగులో వంట, పొలం, బంధువులు, తిట్లు ఉన్నాయి. నిర్లిప్తత లేదు, ఉదాసీనత లేదు, అంతర్మథనం లేదు. ఆ మాటలు ఎక్కడ దొరికాయి? యద్దనపూడి సులోచనారాణి నవలల్లో, యండమూరి వీరేంద్రనాథ్ సీరియళ్ళలో. వారపత్రిక ఎప్పుడొస్తుందా అని కాసుకుని కూర్చునేవాళ్ళం. ఇంట్లో ఒకటే కాపీ. ముందు అక్క చదవాలి, తర్వాత వదిన, చివరికి మాకు వచ్చేసరికి చివరి పేజీ మీద సాంబారు మరక. అయినా వదల్లేదు. మన సంఘంలో అరవై దాటిన అక్కయ్యలను అడగండి. వాళ్ళలో ఎవరైనా నిఘంటువు దగ్గర పెట్టుకుని చదివారా? ఎవరైనా పట్టీ బట్టీ పట్టారా? హీరో ఏమన్నాడో తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది, ఆ ఆత్రంలో మాట దానంతట అదే ఎక్కింది. తెలుగుకు పనికొచ్చిన ఈ దారి ఇంగ్లిషుకు ఎందుకు పనికిరాదు?

ఇంకొక ఉదాహరణ మా ఆఫీసు నుంచే. డెమరేజీ, వార్ఫేజీ అని రెండు మాటలున్నాయి. ఇంగ్లిషు ఎమ్మే చదివినవాళ్ళను అడిగినా చాలామంది తడుముకుంటారు. గూడ్స్ షెడ్‌లో పనిచేసిన పదో తరగతి మనిషి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇచ్చిన గడువులోగా వ్యాగన్ ఖాళీ చేయకుండా ఆపి ఉంచితే పడేది డెమరేజీ. దింపిన సరుకును గడువు దాటినా రైల్వే స్థలంలోనే వదిలేస్తే పడేది వార్ఫేజీ. ఆ తేడా ఎందుకు గుర్తుంది? దాని వెనక ఒక వ్యాపారి అరుపు ఉంది, వాన ఉంది, తడిసిన సిమెంటు బస్తా ఉంది, రసీదు మీద అంకె ఉంది. మాట వెనక సంఘటన ఉంటే మాట నిలుస్తుంది. అందరు పిల్లలనూ గూడ్స్ షెడ్‌కు పంపలేం. అందుకే నవల. ఇంట్లో కూర్చున్న పిల్లకు మాట వెనక సంఘటనను తెచ్చి ఇచ్చేది కథే.

ఇది మా అనుభవం మాత్రమే అనుకునేవాళ్ళ కోసం మూడు సంగతులు చెబుతాం.

మొదటిది. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల ముక్కల పట్టీలను తానే బట్టీ పట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. నేర్చిన కొన్ని గంటల్లోనే చాలా భాగం జారిపోతుందని, మళ్ళీ మళ్ళీ ఎడం ఇచ్చి చూస్తే నిలుస్తుందని తేల్చాడు. కథ లేని పదాల పట్టీ మన పిల్లకు ఆ అర్థం లేని ముక్కల లాంటిదే. నవలలో అయితే అదే మాట పదో పేజీలో, నలభయ్యో పేజీలో, నూరో పేజీలో తానే వచ్చి పలకరిస్తుంది. ఎడం ఇచ్చి చూపించే పని రచయితే చేసిపెడుతున్నాడు, ఫీజు లేకుండా.

రెండవది. ఆంథనీ బర్జెస్ అనే ఇంగ్లిషు రచయిత 1962లో 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' అనే నవల రాశాడు. అందులో కుర్రాళ్ళు మాట్లాడే యాసలో రష్యన్ నుంచి తీసుకున్న కొత్త మాటలు బోలెడు. 1978లో కొందరు పరిశోధకులు రష్యన్ రాని ఇంగ్లిషువాళ్ళ చేత ఆ నవల చదివించారు. మాటల మీద పరీక్ష ఉంటుందని ముందు చెప్పలేదు. కొన్ని రోజుల తర్వాత 90 మాటలు ఇచ్చి అర్థం గుర్తించమంటే సగటున 76 శాతం సరిగ్గా గుర్తించారు. నిఘంటువు లేదు, పంతులు లేడు, యాప్ లేదు. ఎక్కువసార్లు ఎదురైన మాటలే బాగా నిలిచాయి. నిజాయితీగా ఇంకోటి కూడా చెప్పాలి. ఇంగ్లిషు పరాయిభాషగా నేర్చుకుంటున్నవాళ్ళ చేత అదే నవలలో మొదటి రెండు అధ్యాయాలు మాత్రం చదివించి చూసినప్పుడు కొద్ది మాటలే అంటాయి. కొంచెం చదివితే కొంచెమే వస్తుంది, మొత్తం చదివితేనే ఫలితం. (ఆ నవల పిల్లలకు ఇవ్వకండి. హింస ఎక్కువ.)

మూడవది మనకు ఇంకా దగ్గరిది. ఫిజీ దీవులు. అక్కడికి 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా కూలీలుగా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. 1980 ప్రాంతంలో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ అనే ఇద్దరు అక్కడి పల్లెటూరి బడులకు బొమ్మలున్న మంచి ఇంగ్లిషు కథల పుస్తకాలు 250 చొప్పున ఇచ్చి చూశారు. ఆ పిల్లలకు ఇంగ్లిషు ఇంటి భాష కాదు. 4, 5 తరగతుల పిల్లలు. మామూలు పాఠం చెప్పిన బడులతో పోలిస్తే పుస్తకాలు చదివిన పిల్లలు చదవడంలో సుమారు రెట్టింపు వేగంతో ముందుకెళ్ళారని 1983లో ప్రకటించారు. పల్లెటూరి పిల్లలు, పేద బడులు, పుస్తకాలు. అంతే.

ఇప్పుడు మీ ప్రశ్నలు మాకు తెలుసు. ఒక్కొక్కటిగా చూద్దాం.

"అన్నా, పరీక్షలున్నాయి కదా. జీఆర్‌ఈ, శాట్ రాయాలంటే పట్టీ తప్పదు." ఈ మాట పదిహేనేళ్ళ పాతది. మాటకు వ్యతిరేకపదం చెప్పే ప్రశ్నలు, జతలు కలిపే ప్రశ్నలు జీఆర్‌ఈలో 2011 ఆగస్టులోనే తీసేశారు. శాట్‌లో ఖాళీలు నింపే పాత పద్ధతి 2016 మార్చిలో పోయింది. ఇప్పుడు మాటను వాక్యంలోనో పేరాలోనో పెట్టే అడుగుతారు. అంటే పరీక్ష పెట్టేవాళ్ళే పట్టీని వదిలి పేరాకు వచ్చారు. మనం మాత్రం వాళ్ళు పారేసిన పట్టీని 6,000 పెట్టి కొంటామంటున్నాం.

"నవల చదవడానికి టైమెక్కడిది?" యాప్‌కు రోజుకు గంట ఉందన్నారు కదా, ఆ గంటే.

"నవలలో ప్రతి లైనుకూ ఆగిపోతే పిల్ల విసిగిపోదా?" ఇది మంచి ప్రశ్న. విసిగిపోతుంది. అందుకే ఏ నవల అన్నది ముఖ్యం. పాల్ నేషన్ అనే న్యూజిలాండ్ ప్రొఫెసర్ లెక్క ప్రకారం, సాయం లేకుండా హాయిగా చదవాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలి. అంటే 50 మాటలకు ఒక కొత్త మాట. పేజీకి 250, 300 మాటలు ఉంటాయనుకుంటే పేజీకి ఐదారు కొత్త మాటలు. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు. పిల్ల ఒక పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. పేజీ అయ్యేలోపే ఐదు వేళ్ళూ మడిచేస్తే ఆ పుస్తకం ఇంకో ఏడాదికి దాచండి. రెండు మూడు వేళ్ళయితే అదే సరైన పుస్తకం. ఒక్క వేలూ మడవకపోతే మెట్టు ఎక్కే సమయం వచ్చినట్టు.

"తేలిక నవలలో పెద్ద మాటలు ఎక్కడుంటాయి?" మెట్లెక్కకుండా మిద్దె మీదికి పోవాలంటే ఎలా? 200 పేజీల నవలలో పేజీకి ఐదు చొప్పున 1,000 కొత్త మాటలు ఎదురవుతాయి. పదోవంతే నిలిచిందనుకోండి, 100 మాటలు. తక్కువే. కానీ ఆ 100 మాటలతో ఆ పిల్ల వాక్యం రాయగలదు, సెండాఫ్‌లో అవమానపడదు. తర్వాతి నవలకు మెట్టు పెరుగుతుంది.

పట్టీ అసలు పనికిరాదా అంటే, అలా కూడా అనం. చదివిన పుస్తకంలోంచి పిల్ల తన చేత్తో రాసుకున్న పట్టీ బంగారం. దాంట్లో ప్రతి మాట వెనకా ఒక పేజీ గుర్తుంటుంది. ఎవరో దేశంకాని దేశంలో అచ్చేసిన పట్టీ కట్టెల మోపు. తేడా అదే.

ఇక ఏ నవల? మా ఓటు ఆర్.కె. నారాయణ్‌కు. 1906లో మద్రాసులో పుట్టి, మైసూరులో బతికిన మనిషి. తమిళం ఇంటి భాష, చుట్టూ కన్నడం, రాసింది ఇంగ్లిషు. మన జిగణి పిల్లల పరిస్థితి ఇంతకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ఆయన మొదటి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో వచ్చింది. లెక్కలంటే భయపడే పిల్లవాడు, క్రికెట్ టీము, బడి ఎగ్గొట్టడం, నాన్న కోపం, నానమ్మ దగ్గర గారాబం. మన పిల్లలకు ఇంగ్లండు మంచూ, చిమ్నీలూ ఊహించుకునే కష్టం లేదు. సంగతి ముందే తెలుసు, మాట మాత్రమే కొత్త. చివరి ఘట్టం రైల్వే ప్లాట్‌ఫామ్ మీద జరుగుతుంది. వెళ్ళిపోతున్న స్నేహితుడికి స్వామి ఇచ్చే కానుక ఏమిటో తెలుసా? ఒక పుస్తకం. రైల్వే మనుషులం, ఆ ప్లాట్‌ఫామ్ దగ్గరికి వచ్చేసరికి మాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కాలేజీ పిల్లలకూ మనకూ 'ది గైడ్'. 1958 నాటిది, 1960లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. దేవానంద్ సినిమా చూసినవాళ్ళు చాలామంది ఉంటారు, పుస్తకం చదివినవాళ్ళు తక్కువ. అందులో రాజు తండ్రిది మాల్గుడి స్టేషన్‌లో అంగడి. రాజు ఆ అంగట్లో కూర్చుని, రైలుకు రైలుకు మధ్య, పొట్లాలు కట్టడానికి వచ్చిన పాత కాగితాలూ పుస్తకాలూ చదివి లోకజ్ఞానం సంపాదిస్తాడు. మాలాంటి వాళ్ళ చదువూ అలాంటిదే. దక్షిణాది పెద్ద స్టేషన్లలో హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల అంగళ్ళు ఉండేవి. నైట్ డ్యూటీ అయ్యాక అక్కడ నిలబడి చదివీ, జీతం వచ్చిన రోజు ఒకటి కొనీ నేర్చుకున్నాం. ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ఆ తర్వాతి మెట్టు జార్జ్ ఆర్వెల్ 'యానిమల్ ఫార్మ్'. 1945 పుస్తకం, పది అధ్యాయాలే. ఆర్వెల్ పుట్టింది బీహారులోని మోతీహారిలో. 1950లో చనిపోయాడు కాబట్టి మన దేశ చట్టం ప్రకారం అరవై ఏళ్ళు గడిచి, 2011 నుంచి ఆయన పుస్తకాలకు కాపీరైటు లేదు. చవకగా దొరుకుతాయి. డికెన్స్ అయితే ఫోన్‌లో పూర్తిగా ఉచితం. అక్కడ మీకు కావలసినన్ని పెద్ద మాటలు.

ఇప్పుడు మా గొంతు కొంచెం పెరుగుతుంది, క్షమించాలి.

ఈ కోర్సుకు పేర్లిచ్చిన 20 మంది పిల్లలు ఎవరి పిల్లలు? జాబితా చూశాం. అందరూ 3,000 రూపాయలు కట్టగలిగిన ఇళ్ళవాళ్ళే. మన సంఘంలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో, ఇండస్ట్రియల్ ఏరియా షెడ్లలో షిఫ్టులు చేసేవాళ్ళు లేరా? అనంతపురం నుంచి, చిత్తూరు నుంచి వచ్చి ఒక గదిలో ఐదుగురు ఉండేవాళ్ళు లేరా? ఉగాది చందా వాళ్ళూ ఇచ్చారు. అన్నదానంలో వడ్డించింది వాళ్ళే. వాళ్ళ పిల్ల పేరు ఈ జాబితాలో ఒక్కటీ లేదు. అందరి చందాతో కొందరి పిల్లలకు సగం ఫీజు కట్టడం సంఘం పనా? ఆ పిల్లలకే ఇంగ్లిషు ఎక్కువ కావాలి. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. ఇంగ్లిషు డబ్బున్నవాళ్ళ సరుకు, మనది కాదు అని వాళ్ళకు నేర్పేది ఇలాంటి జాబితాలే. ఆ భావం ఒకసారి పాతుకుపోతే తీయడం ఎంత కష్టమో తమిళ మీడియంలో చదివిన మాకు తెలుసు. మైకు ముందు నవ్వులపాలైన రోజు నుంచి ఎన్నో ఏళ్ళు నలుగురిలో ఇంగ్లిషు నోరు తెరవలేదు మేము.

మన తెలుగువాళ్ళ పాత అలవాటు ఇది కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయాలవాళ్ళంతా సభ పెట్టుకుని ఉద్యమంగా నడిపిన జాతి మనది. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్ళు ఊరూరా తిరిగి పుస్తకాల గది పెట్టించారు. వేటపాలెంలో 1918 నుంచి నడుస్తున్న సారస్వత నికేతనం ఇవాళ్టికీ ఉంది. కృష్ణా డెల్టాలో కాలవల మీద పడవలో పుస్తకాలు తీసుకెళ్ళి పల్లెపల్లెకూ పంచారు. వాళ్ళ దగ్గర 60,000 ఎక్కడివి? పడవ ఉంది, పట్టుదల ఉంది.

ఇంకో సంగతి. కర్ణాటకలో ఆస్తిపన్ను కట్టేటప్పుడు రసీదు ఒకసారి సరిగ్గా చూడండి. గ్రంథాలయ సెస్సు అని 6 శాతం ఉంటుంది. 1965 నాటి చట్టం ప్రకారం మనం కడుతున్న డబ్బు అది. సొంత ఇల్లున్న ప్రతివాళ్ళం ఏటా కడుతున్నాం, మనలో ఎంతమంది గ్రంథాలయం గడప తొక్కాం? కట్టిన డబ్బుకు పుస్తకం అడగకుండా, కొత్తగా యాప్‌కు డబ్బు కట్టడానికి మాత్రం ముందుకొస్తున్నాం.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. ఆదివారం ఓటింగుకు పెట్టమని కార్యదర్శిగారిని కోరుతున్నాం.

ఒకటి. 60,000లో 12,000 తీసి 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 20 కాపీలు, 'యానిమల్ ఫార్మ్' 20 కాపీలు కొందాం. మిగతా డబ్బు సంఘం ఖాతాలోనే ఉంచుదాం. ఏడాది తర్వాత పిల్లలు అడిగితే తర్వాతి పుస్తకాలకు వాడుదాం.

రెండు. ప్రతి ఆదివారం పొద్దున పదింటి నుంచి పదకొండున్నర దాకా సంఘం గదిలో చదువు. ఏ పిల్లయినా రావచ్చు, ఫీజు లేదు. ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు పుస్తకంలో చూస్తూ వినాలి. మొదటిసారి చదివేటప్పుడు ఎవరూ నిఘంటువు ముట్టుకోకూడదు. అర్థం ఊహించాలి, వాదించుకోవాలి. అధ్యాయం అయ్యాక చూసుకోవాలి.

మూడు. ఒక్కో పిల్లకు ఒక నోటుబుక్కు. వారానికి పది మాటలు మించి రాయకూడదు. మాట పక్కన అర్థం రాయకూడదు, ఆ మాట వచ్చిన వాక్యం, కింద తన సొంత వాక్యం రాయాలి.

నాలుగు. ఇది అన్నిటికంటే ముఖ్యం. చదివిన అధ్యాయం కథను ఆ రాత్రి ఇంట్లో నానమ్మకో అమ్మమ్మకో తెలుగులో చెప్పాలి. పుస్తకంలో ఇంగ్లిషు, నోట్లో తెలుగు. రెండూ పెరుగుతాయి. మన పిల్లలకు ఇంగ్లిషు మాటలు తగ్గాయని బాధపడుతున్నాం, తెలుగు మాటలు ఎంత తగ్గాయో ఎవరైనా చూశారా? కథ చెప్పాలంటే మాటలు వెతుక్కోవాలి. వెతుక్కుంటేనే దొరుకుతాయి.

ఐదు. ఆదివారాలు కూర్చోవడానికి మేము సిద్ధం. ఇంకో నలుగురు రిటైర్డ్ వాళ్ళు ముందుకు రండి. ఇంగ్లిషు గొప్పగా రానక్కర్లేదు. రాని మాట దగ్గర "నాకూ తెలీదు, చూద్దాం పద" అనగలిగితే చాలు. పిల్లలకు అంతకంటే పెద్ద పాఠం లేదు.

దీనికి ఒక్కటే షరతు, దాన్ని మేమే చెబుతున్నాం. ఆరు నెలల తర్వాత పిల్లలు రావడం మానేస్తే, రెండు పుస్తకాలూ పూర్తి కాకపోతే, కొన్న పుస్తకాల డబ్బు మా పెన్షన్‌లోంచి కడతాం, ఆ కోర్సుకే చేయెత్తుతాం. యాప్ వాళ్ళను కూడా ఇదే మాట ఇమ్మనండి చూద్దాం.

కోర్సుకు పేరిచ్చిన తల్లిదండ్రులు నొచ్చుకోవద్దు. మీ పిల్లలే ఆదివారం ముందు వరసలో కూర్చోవాలని మా కోరిక. వాళ్ళ పక్కన పాలిషింగ్ ఫ్యాక్టరీ అన్న కూతురు కూడా అదే పుస్తకం తెరుచుకుని కూర్చోవాలి. ఆ రెండు పుస్తకాల్లో పేజీ నంబరు ఒకటే ఉండాలి. మేము అడిగేది అంతే.

వ్యతిరేకించేవాళ్ళు ఇక్కడే రాయండి, వాట్సాప్‌లో విడిగా వద్దు. జవాబు చెబుతాం. ఆదివారం పదింటికి కలుద్దాం. మా దగ్గరున్న 'స్వామి అండ్ ఫ్రెండ్స్' పాత కాపీ తెస్తున్నాం. అట్ట ఊడిపోయింది, లోపలి పేజీలన్నీ ఉన్నాయి. ఎవరి పిల్ల ముందు అడిగితే ఆ పిల్లకే.